సహజమే కదా!

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ బాధలకి తరతరాలుగా వాడుతున్న మందులు రెండు. ఒకటి అమృతాంజనం. రెండోది "సహజమే కదా" అన్న మాట. మొదటిది డబ్బు పెట్టి కొనాలి. రెండోది ఊరికే వస్తుంది, ఎవరైనా ఇవ్వొచ్చు, ఏ బాధకైనా పనికొస్తుంది. పెద్దమనిషయిన పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే సహజమే. పురిటినొప్పులు సహజమే. నలభయ్యారో నలభయ్యేడో వచ్చి, నడిరాత్రి ఒళ్ళంతా సెగలు కమ్మి, జాకెట్టు తడిసిపోయి, లేచి కూర్చుని తెల్లవార్లూ ఫాను వంక చూస్తూ గడిపే మనిషికీ అదే మందు. "ముట్లుడిగే వయసు కదమ్మా, సహజమే!"

ఈ మాటని ఎవరూ కాదనలేరు. దాని బలమంతా అక్కడే వుంది. సహజమే, కాదని ఎవరన్నారు? కాని నలభై దాటాక చత్వారం రావడం కూడా సహజమే. మా వారు కళ్ళజోడు పెట్టించుకున్న రోజున ఇంట్లో ఎవరూ "ప్రకృతికి ఎదురు తిరుగుతున్నావా?" అని అడగలేదు. పైగా ఫ్రేము బాగుందన్నారు. మా మామగారు కట్టుడుపళ్ళు పెట్టించుకుంటే, జంతికలు కరకరలాడించడం చూసి అందరం సంతోషించాం. మరి ఆడదాని ఒంట్లో తరిగిపోయిన హార్మోను ఒక మాత్రలో తెచ్చి ఇస్తామంటే మాత్రం ఎందుకంత ధర్మసందేహం? ఆ సందేహం ఎవరిది?

ఈ మధ్య మా బీచి రోడ్డు నడకలో ఈ సంగతే వచ్చింది. నడక అని పేరేగాని, మేం నడిచేది కాళీమాత గుడి దగ్గర్నుంచి జలాంతర్గామి దాకా. అదైనా మాటలు అడ్డం పడకపోతే. విశాఖలో వేసవి సాయంత్రం ఎలా వుంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. సముద్రం పక్కనే వున్నా గాలి కదలదు, ఒంటికి పట్టుకున్న చెమట ఆరదు. ఇది బయటి ఉక్కో లోపలి ఉక్కో తెలియక చస్తున్నానంటూ ఒకావిడ కొంగుతో విసురుకుంది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసే అమ్మాయి ఆవిడ. అమ్మాయి అంటే నలభై తొమ్మిదేళ్ళ అమ్మాయి. పోయిన ఏడాది నుంచి డాక్టరు చెప్పగా హార్మోను మాత్రలు వాడుతోందట. అవి ఇంట్లో బీరువాలో వుండవు, హ్యాండుబ్యాగు అడుగున, పాత బిల్లుల కింద వుంటాయి. అత్తగారు చూస్తే "కేన్సరు తెచ్చుకుంటావా?" అని ఏడుపు మొదలుపెడుతుందని భయం.

మాతో నడిచే రిటైరైన తెలుగు టీచరుగారికి ఇది నచ్చలేదు. "మా అమ్మ ఎనిమిది పురుళ్ళు పోసుకుంది. ఒక్కనాడైనా ఇలా అందా? ఓర్చుకోవడంలోనే వుందమ్మా మన గొప్పతనం" అన్నారు.

"టీచరుగారండీ, మీ అమ్మగారు షిఫ్టు డ్యూటీకి వెళ్ళలేదు కదండీ! మా ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి పెట్టినవి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన పేర్లే. 1990లో వెలిగించిన గోదావరి ఇరవై యేళ్ళు పైగా మండాక, ఆపి, లోపల అరిగిపోయిందంతా కొత్తగా వేశారు. అరగడం సహజమే కదా అని ఎవరూ వదిలెయ్యలేదండి."

టీచరుగారు నవ్వేశారు. కాని వెంటనే, "అది ఇనుము తల్లీ, ఇది ఒళ్ళు. ఒళ్ళు ఒకచోట సవరిస్తే ఇంకోచోట తప్పుతుంది" అన్నారు. ఆ మాటని అంత తేలిగ్గా తోసిపుచ్చడానికి లేదు.

అసలు జరిగేదేమిటంటే, అండాశయాలు విశ్రాంతి తీసుకునే వేళకి ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోతుంది. మన దేశంలో సగటున నలభై ఆరు, నలభై యేడుకే ఇది జరుగుతుంది. పడమటి దేశాల్లో యాభయ్యొకటి. కొందరికి ఏమీ తెలియకుండానే దాటిపోతుంది, అదృష్టవంతులు. కొందరికి సెగలు, గుండెదడ, నిద్ర లేకపోవడం, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. పైకి చెప్పుకోలేని మంటలు, పొడిబారడాలు సరేసరి. వాటిని భర్తకి కూడా చెప్పరు, డాక్టరు మగవాడైతే అసలే చెప్పరు. పైకి కనపడకుండా జరిగేది ఇంకొకటుంది, ఎముక పలచబడడం. అది పదిహేనేళ్ళ తరవాత బాత్రూములో కాలు జారిన రోజున బయటపడుతుంది.

"మా అమ్మ ఓర్చుకుంది" అన్న మాట నేనూ చాలాసార్లు విన్నాను. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్ళు. పసిపిల్లల చావులు ఆ లెక్కని కిందికి లాగాయి నిజమే. అయినా ఎన్ని పురుళ్ళలో ఎంతమంది తల్లులు పోయారో ప్రతి ఇంటి గోడమీదా దండ వేసిన ఫోటోలు చెప్పేవి. వాళ్ళు ఓర్చుకోలేదు, ఆ వయసు దాకా బతకలేదు. ఇవాళ మన దేశపు స్త్రీ సగటున డెబ్భై దాటి బతుకుతోంది. అంటే ముట్లుడిగాక ఇంకా పాతికేళ్ళు. పాతికేళ్ళంటే ఒక జీవితం. అంత దీర్ఘకాలానికి పాత అమ్మమ్మల ఉదాహరణ సరిపోదు.

అలా అని అమ్మమ్మల కాలంలో ఈ వయసుకి ఒట్టి నష్టమే కాదు, ఒక లాభం కూడా వుండేది. ఇది మనం మరిచిపోయాం. ముట్లు ఆగిపోయిన నాటి నుంచి ఆవిడ నెలకి మూడురోజులు ఓ మూల కూర్చోనక్కర్లేదు. ఎప్పుడు పడితే అప్పుడు మడికట్టుకోవచ్చు. నోము, వ్రతం, తీర్థయాత్ర దేనికీ తేదీలు లెక్కపెట్టుకోనక్కర్లేదు. కోడళ్ళు దూరం కూర్చున్నప్పుడు వంటిల్లంతా ఆవిడదే, దేవుడి గది ఆవిడదే, తాళాలగుత్తి ఆవిడదే. మా నాయనమ్మ ఆ వయసొచ్చాక మొట్టమొదటిసారి ఒక్కర్తీ బస్సెక్కి చందనయాత్రకి సింహాచలం వెళ్ళిందట. సెగలు ఆవిడకీ వచ్చే వుంటాయి. కాని సెగలతో పాటు ఒక పెత్తనం కూడా వచ్చింది. ఇప్పుడు మనకి పెత్తనం రావడం లేదు, మడీ లేదు, తాళాలగుత్తీ లేదు. సెగలు మాత్రం మిగిలాయి.

ఇక మాత్రల కథ. యౌవనం తిరిగి కావాలనుకోవడం కొత్త కోరికేం కాదు. యయాతి తన ముసలితనాన్ని కొడుకు పూరుడికి అంటగట్టి వాడి యౌవనం తీసుకున్నాడు. చ్యవన మహర్షికి అశ్వినీ దేవతలు ముసలితనం పోగొట్టారు, ఆయన పేరుతో ఇవాళ్టికీ లేహ్యం సీసాల్లో అమ్ముతున్నారు. వాళ్ళని ఎవరూ ప్రకృతి విరోధులనలేదు, ఒకరిని చక్రవర్తి అన్నాం, ఒకరిని మహర్షి అన్నాం. ఆడదానికి యౌవనం కూడా అక్కర్లేదు, ఒక రాత్రి నిద్ర కావాలి. అది అడిగేసరికి వేదాంతం గుర్తొస్తుంది.

కాని నిద్ర అడిగిన మనిషికి యౌవనం అమ్మజూసినవాళ్ళూ వున్నారు. 1942లో అమెరికాలో ఈ హార్మోను మాత్ర బజారులోకి వచ్చింది. కడుపుతో వున్న గుర్రాల మూత్రం నుంచి తీసేవారు. (ఇది చెప్పగానే మా టీచరుగారు "రామ రామ" అన్నారు. ఆవుదైతే ఫర్వాలేదు కాబోలు! ఇప్పుడు సోయా, దుంపల నుంచి తయారుచేసినవి కూడా వున్నాయి లెండి.) 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్కు డాక్టరు, ఆడది ఎప్పటికీ ఆడదిగానే వుండొచ్చునంటూ ఒక పుస్తకం రాసి ఊరంతా ఊపేశాడు. ముట్లుడగడం ఒక జబ్బు అన్నాడు. మాత్ర వేసుకుంటే భార్య కలిసి కాపురం చెయ్యడానికి హాయిగా వుంటుందన్నాడు. చూశారా, అక్కడ కూడా బాధ ఆవిడది, సుఖం ఇంకొకరిది! ఆ పుస్తకం ఖర్చులు మందుల కంపెనీ భరించిందని తరవాత ఆయన కొడుకే చెప్పాడు.

1975లో మొదటి దెబ్బ తగిలింది. గర్భసంచి వున్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వేసుకుంటే సంచి లోపలి పొరకి కేన్సరు వచ్చే అవకాశం పెరుగుతోందని తేలింది. అప్పట్నుంచి దానికి తోడుగా ప్రొజెస్టిరోన్ జాతి మందు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. రెండో దెబ్బ 2002 జూలైలో. అమెరికాలో 16,608 మంది ఆడవాళ్ళ మీద చేస్తున్న పెద్ద పరిశీలనని మధ్యలో ఆపేశారు. రెండూ కలిసిన మాత్ర వేసుకున్నవాళ్ళలో రొమ్ము కేన్సరు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనిపించాయని. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. మా అమ్మాయి అత్తగారి చెవిదాకా వచ్చింది ఆ వార్తే. వార్త వచ్చింది గాని, వెనకాల లెక్క రాలేదు.

లెక్క ఇది. మాత్ర వేసుకోని పదివేలమందిలో ఏడాదికి ముప్ఫైమందికి రొమ్ము కేన్సరు వచ్చింది, వేసుకున్న పదివేలమందిలో ముప్ఫై ఎనిమిదిమందికి. అంటే ఎనిమిదిమంది ఎక్కువ. పక్షవాతమూ ఎనిమిదిమందికి ఎక్కువే వచ్చింది. తుంటి ఎముక విరగడం అయిదుగురికి తగ్గింది. పైగా ఆ పరిశీలనలో చేరినవాళ్ళ సగటు వయసు అరవై మూడు! సెగలతో నిద్రపట్టక డాక్టరు దగ్గరికి పోయే మనిషి వయసు నలభై యేడు, యాభై. అరవై దాటాక కొత్తగా మొదలుపెడితే కీడు ఎక్కువ. అరవై లోపల, ముట్లు ఆగిన పదేళ్ళ లోపల మొదలుపెడితే చాలామందికి మేలే ఎక్కువన్నది ఇవాళ డాక్టర్ల మాట. గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. ఆ రకం మందు వాడినవాళ్ళలో రొమ్ము కేన్సరు పెరగలేదు, పక్షవాతం మాత్రం కొంత పెరిగింది. 2025 నవంబరులో అమెరికా మందుల శాఖ ఈ మందుల మీద నల్లగళ్ళలో అచ్చువేయించిన హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అయినా రొమ్ము కేన్సరు వచ్చి తగ్గినవాళ్ళూ, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళూ, పక్షవాతం వచ్చినవాళ్ళూ, లివరు చెడినవాళ్ళూ వీటి జోలికి పోకూడదు. కారణం తెలియకుండా రక్తం కనపడితే ముందు అదేమిటో తేల్చుకోవాలి.

పదివేలలో ఎనిమిది ఎక్కువా, తక్కువా? కార్తీక పౌర్ణమి నాడు మన బీచిలో పదివేలమంది ఆడవాళ్ళు దీపాలు వదులుతున్నారనుకోండి. అందులో ఎనిమిది దీపాలు. దూరం నుంచి చూస్తే అసలు కనపడవు. ఆ ఎనిమిదింటిలో ఒకటి మా అమ్మదైతే నాకు ఇంకేదీ కనపడదు. అందుకే ఈ లెక్క తేల్చే పని అత్తగారిదీ కాదు, ఆయనగారిదీ కాదు, అయిదు నిమిషాల్లో చీటీ రాసిచ్చే డాక్టరుదీ కాదు. ఎవరి రాత్రులు నిద్రలేక పోతున్నాయో, ఎవరి రొమ్ముకి ఆ ఎనిమిదో భయం తగులుతుందో ఆ మనిషిదే. డాక్టరు పని ఆ లెక్క ఆవిడ ముందు పెట్టడం.

టీచరుగారి ఓర్పు మాటకి కూడా నా జవాబు ఇదే. ఏకాదశి నాడు ఇంట్లో అన్నీ వుండి అన్నం మానేస్తే దాన్ని ఉపవాసం అంటాం. డబ్బాలో బియ్యం లేక మానేస్తే ఉపవాసం అనం, పస్తు అంటాం. కడుపులో ఆకలి రెండింటికీ ఒక్కటే. మందు వుందని, దాని మంచీ చెడూ ఇదని తెలిసి "నాకొద్దు, నేను భరిస్తాను" అన్న మనిషికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. టీచరుగారు నిజంగా అలాంటివారే. మందు సంగతే తెలియనివాళ్ళు పడుతున్న బాధకి ఓర్పు అని పేరు పెట్టి పొగడ్డం మాత్రం నాకు మింగుడు పడదు.

ఇంతవరకూ చెప్పింది వేసుకోవాలా వద్దా అని ఆలోచించుకోగలిగినవాళ్ళ సంగతి. మన రాష్ట్రంలో ఆ అవకాశం ఎన్నడూ రానివాళ్ళ లెక్క ఇంకొకటి వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి మూడు చిల్లర. తెలంగాణాలో ఎనిమిది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది! దేశంలో మొదటి స్థానం మనదే. పల్లెల్లో దీనికి "పెద్దాపరేషను" అని ముద్దుపేరు కూడా వుంది. హైదరాబాదు డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి సూర్యప్రకాశ్ దంపతులు మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, ఎంత చిన్న కారణాలకి ఎంత చిన్న వయసులో ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయో ఎన్నో ఏళ్ళ కిందటే లోకానికి చెప్పారు. తెల్లబట్టకి సంచి తీసేశారు. నడుంనొప్పికి తీసేశారు. ఉంచితే కేన్సరవుతుందని భయపెట్టి తీసేశారు. చివరికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అక్కర్లేని ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం చేసిన నియమాలని మూడు నెలల్లో అమలు చెయ్యమని అన్ని రాష్ట్రాలకీ చెప్పాల్సి వచ్చింది.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి కడుపులోంచి సంచి తీసేటప్పుడు "ప్రకృతికి విరుద్ధం" అని ఒక్క అత్తగారూ అడ్డుపడలేదు. "పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేముంది?" అన్నారు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ మనిషికి యాభయ్యో ఏట రావలసింది రాత్రికి రాత్రే వచ్చేస్తుంది. ఎముకకీ గుండెకీ పదిహేనేళ్ళ రక్షణ పోతుంది. అందుకే అలాంటివాళ్ళకి, వాడకూడని జబ్బులేవీ లేకపోతే, కనీసం యాభయ్యేళ్ళు వచ్చేదాకా హార్మోను ఇవ్వాలని వైద్యశాస్త్రం చెబుతోంది. 2002 నాటి భయం వాళ్ళకి వర్తించదు, ఎందుకంటే వాళ్ళకిచ్చేది ఆ వయసులో ఒంట్లో వుండవలసిందే. అయితే ఆ మాత్ర చేరేది హ్యాండుబ్యాగులో దాచుకోగలిగిన ఉద్యోగస్థురాలికి. పెద్దాపరేషను అయినావిడకి చేరేది "సహజమే కదా."

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకావిడ వుంది. నలభై రెండేళ్ళు. బొగ్గుల ఇస్త్రీపెట్టె, రేకుల కప్పు, ఎదర సిమెంటు రోడ్డు. ఒకరోజు బట్టలివ్వడానికి వెళితే చల్లనీళ్ళ సీసా మెడకి ఆనించుకుని కూర్చుని వుంది.

"ఇస్త్రీపెట్టి వేడనుకున్నానమ్మా ఇన్నాల్లూ. పెట్టి దింపీసినా ఒంట్లో వేడి దిగట్లేదు" అంది.

ఎనిమిదేళ్ళ కిందట ఊళ్ళో వుండగా పెద్దాపరేషను అయిందట. "పిల్లలు పుట్టీసినారు, ఇంక సంచితో పనేటి, ఉంచితే కేన్సరయిపోద్ది అన్నారమ్మా. తీయించీసినాను." సంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అంటే ఆవిడకి తెలియదు. కాగితాలు లేవు. తన ఒంట్లో ఏమున్నాయో ఏం లేవో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగొచ్చని కూడా అనుకోలేదు. ఒకపూట బండి మూస్తే ఆ పూట కూలి పోతుంది. రెండు వారాలు వెనకాడి, చివరికి ఒక సోమవారం పెద్దాసుపత్రికి వెళ్ళింది.

మర్నాడు నేను కనబడగానే పెట్టె పక్కన పెట్టింది. స్కానింగు తీశారట. "రెండు అండాలూ కూడా లేవంటమ్మా" అంది, ఎవరో ఇంట్లోంచి గిన్నెలు పట్టుకుపోయినట్టు. మాత్ర ఒకటి వుందని, దాని మంచీ చెడూ డాక్టరమ్మ వేళ్ళు మడిచి చెప్పిందట.

"మరేమన్నావు?"

"ఆలోసించుకుని వచ్చే సోమవారం చెప్పమన్నారమ్మా. నీకేటి ఇష్టం అని... నన్నే అడిగినారు!" అని ఇంకేమీ అనకుండా నా చీర పరిచి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ పెట్టె అందుకుంది.